తూము సన్నగా ఉంటేనే చప్పుడెక్కువ: పిల్లల గుండె డాక్టరుకి మీ ప్రశ్నలు

ఈసారి ఉత్తరాలూ వాట్సాప్ మెసేజీలూ కలిపి చాలానే వచ్చాయి. సగంమంది ఎకో (గుండె స్కానింగ్) రిపోర్టు ఫోటో తీసి పంపి, కింద ఒక్క ముక్క రాశారు, "ఇది ప్రమాదమా డాక్టరు గారూ?" అని. రిపోర్టు ఒక్కటే చూసి నేను చెప్పగలిగేది తక్కువండీ. బిడ్డ బరువెంత, పాలు ఎలా తాగుతోంది, కాస్త పెద్దవాడైతే తోటిపిల్లలతో సమానంగా పరిగెడుతున్నాడా, ఇవి కూడా రాయండి. అప్పుడే ఆ కాగితం మీది మిల్లీమీటర్లకి ఒక అర్థం వస్తుంది. పైగా నేనిక్కడ రాసేది మీ పిల్లని చేత్తో పట్టుకుని చూసిన డాక్టరు మాటకి బదులు కాదు. పేర్లు వెయ్యొద్దని చాలామంది అడిగారు కాబట్టి అందరివీ తీసేశాం, ఊళ్లు ఉంచాం.

ప్రశ్న: మా బాబుకి నాలుగో నెల. టీకాకి తీసుకెళ్తే పిల్లల డాక్టరు గారు గుండెలో మర్మర్ వినపడుతోంది, బాగా గట్టిగా ఉంది అన్నారు. కాకినాడలో ఎకో తీయిస్తే 3 మిల్లీమీటర్ల వీఎస్‌డీ, మస్క్యులర్ అని వచ్చింది. ఇప్పుడేం చెయ్యక్కర్లేదు, ఆరు నెలలు ఆగి రండి అంటున్నారు. అంత గట్టిగా చప్పుడు వస్తుంటే ఆగమంటారేమిటి? గ్రహణం రోజు నేను బయట తిరగడం వల్లే ఇలా అయిందని మా అత్తగారు రోజూ అంటున్నారు.
ఒక తల్లి, రావులపాలెం

జవాబు: ముందు చప్పుడు సంగతి చెప్తానమ్మా. మీది కాలవల ఊరు కాబట్టి సులువుగానే అర్థమవుతుంది. చేలోకి నీళ్లొచ్చే తూము సన్నగా ఉందనుకోండి, నీళ్లు బుసకొడుతూ దూకుతాయి, గట్టు మీద నడిచేవాడికి కూడా వినిపిస్తుంది. అదే గట్టుకి పెద్ద గండి పడి అటూ ఇటూ నీటిమట్టం ఒకటైపోయిందా, ఇక చప్పుడు ఉండదు, చేలు మాత్రం మునిగిపోతాయి. వీఎస్‌డీ అంటే గుండె కింది రెండు గదుల మధ్య గోడలో రంధ్రం, అది కూడా ఇలాగే. ఎడమ గదిలో ఒత్తిడి ఎక్కువ, కుడి గదిలో తక్కువ. రంధ్రం చిన్నదైతే రక్తం ఆ సందులోంచి జోరుగా దూకుతుంది, స్టెతస్కోపు పెట్టగానే వినిపిస్తుంది. పెద్ద రంధ్రంతో పుట్టిన పసిగుడ్డుకి మొదటి రోజుల్లో ఒక్కోసారి ఏ చప్పుడూ ఉండదు. మాకు టెన్షన్ అంతా వాళ్ల గురించే, మీ బాబు లాంటి వాళ్ల గురించి కాదు.

మస్క్యులర్ అంటే గోడలో కండ ఉన్న భాగంలో రంధ్రం ఉందని. ఆ చోట ఉండే చిన్న రంధ్రాలు, బిడ్డ పెరిగేకొద్దీ చుట్టూ ఉన్న కండ కమ్ముకొచ్చి చాలామందిలో వాటంతటవే పూడిపోతాయి, అదీ ఎక్కువగా మొదటి రెండేళ్లలోపే. అందుకే ఆగమన్నారు, మిమ్మల్ని పట్టించుకోక కాదు. అయితే ఈ ఆరు నెలలూ మీరు ఊరికే కూర్చోవడానికి లేదు. రొమ్ము పట్టి నాలుగు గుక్కలు తాగి వదిలేసి ఆయాసపడి మళ్లీ పట్టడం, పావుగంటలో అయిపోవాల్సిన పాలకి ముప్పావుగంట పట్టడం, ఫ్యాను కింద పడుకోబెట్టి పాలిస్తున్నా నుదుటి మీద చెమటలు పోయడం, డొక్కలెగరేయడం, నెల తిరిగినా బరువు కదలకపోవడం, మాటిమాటికీ నిమ్ము చేయడం, వీటిలో ఏది కనిపించినా ఆరు నెలలనే లెక్క మర్చిపోయి ఆ వారమే తీసుకెళ్లండి. అంగన్‌వాడీలో నెలనెలా తూకం వేయించి కార్డు మీద రాయించుకోండి, ఆ కార్డు నాకు ఎకో అంత విలువైంది. టీకాలు ఒక్కటి కూడా మానొద్దు. గుండెలో రంధ్రముంది కదా అని టీకాలు ఆపేసినవాళ్లని చూశాను, చివరికి ఆ పిల్లలకి వచ్చిపడింది కోరింత దగ్గు.

ఇక గ్రహణం. మీ అత్తగారికి ఇది చదివి వినిపించండి. బిడ్డ గుండె గోడలు కట్టుకోవడం గర్భం మొదటి రెండు నెలల్లోనే దాదాపు పూర్తయిపోతుంది, చాలామందికి అప్పటికి నెల తప్పిన సంగతి సరిగ్గా ఖాయం కూడా కాదు. పుట్టే ప్రతి వందమందిలో సుమారు ఒకరికి గుండెలో ఏదో ఒక లోపం ఉంటుంది, అమెరికాలోనూ అంతే, అమలాపురంలోనూ అంతే. ఎక్కువమందిలో ఫలానా కారణం అని చెప్పడానికి ఏమీ దొరకదు. దొరికే కొద్దిమందిలోనూ తల్లికి మొదటి నెలల్లో రుబెల్లా రావడం, షుగరు అదుపులో లేకపోవడం, కొన్ని మూర్ఛ మందులు, జన్యువుల తేడాలు లాంటివి ఉంటాయి. ఆ లిస్టులో సూర్యుడూ లేడు, చంద్రుడూ లేడు.

ప్రశ్న: నేను మస్కట్‌లో పనిచేస్తున్నాను. ఇంటి దగ్గర పాప పుట్టి ఇరవై రోజులైంది. ఎకోలో "పీఎఫ్‌ఓ 2 ఎంఎం, ట్రివియల్ టీఆర్" అని రాశారు. లీవు పెట్టి వచ్చేయమంటారా?
ఒక తండ్రి, మలికిపురం

జవాబు: పాపని ఎత్తుకోవడానికైతే రండి బాబూ, పీఎఫ్‌ఓ కోసమైతే వద్దు. కడుపులో ఉన్నప్పుడు బిడ్డ ఊపిరితిత్తులకి పని ఉండదు, అందుకని రక్తం గుండె పై గదుల మధ్య ఒక చిన్న తలుపులోంచి దాటిపోతుంది, ఆ తలుపే పీఎఫ్‌ఓ. పుట్టాక ఆ తలుపు మెల్లగా మూసుకుంటుంది. కొందరికి మూసుకోదు, నలుగురు పెద్దవాళ్లలో ఒకరికి అది కాస్త తెరుచుకునే ఉంటుంది, వాళ్లకా సంగతి తెలియను కూడా తెలియదు. టీఆర్ అంటే గుండె కుడివైపు కవాటం (వాల్వు) కాస్త కారడం, ట్రివియల్ అంటే లెక్కలోకి రానిదని. పరీక్ష చేసినవాళ్లు కనపడిందల్లా రాస్తారు, రాయాలి కూడా, అంతమాత్రాన రాసిందల్లా జబ్బు కాదు.

ప్రశ్న: మా అమ్మాయికి ఎనిమిదేళ్లు. స్కూలుకి వచ్చిన వైద్య బృందం చూసి గుండె పరీక్ష చేయించమన్నారు. 16 మిల్లీమీటర్ల ఏఎస్‌డీ ఉంది, బటన్ పెట్టి మూసేయొచ్చు అంటున్నారు. పిల్లకి ఏ బాధా లేదు, ఆడుతుంది, చదువుతుంది. ఆడపిల్ల కదా, ఇప్పుడే గుండె ఆపరేషన్ అని ఊళ్లో తెలిస్తే రేపు సంబంధాలు ఎలా వస్తాయి? పెద్దయ్యాక చూద్దాంలే అంటున్నారు మావాళ్లు.
ఒక తండ్రి, భీమవరం దగ్గర పల్లెటూరు

జవాబు: ఈ ఉత్తరం చదివి కాసేపు అలా ఉండిపోయానండీ. ఎందుకంటే "పెద్దయ్యాక చూద్దాం" అనుకుని నిజంగానే పెద్దయ్యాక వచ్చిన ఆడవాళ్లని, ముప్పై ఏళ్లకి మెట్లెక్కలేక, కాన్పులో ఆయాసం వచ్చి, అప్పుడు మొదటిసారి ఎకో తీయించుకున్నవాళ్లని చూశాను. చిన్నప్పుడు స్కూల్లో ఎవరో చెప్పారండీ, మా నాన్న వద్దన్నాడు అని చెప్పిన మనిషి కూడా ఉంది.

ఏఎస్‌డీ అంటే పై గదుల మధ్య రంధ్రం. దీనితో వచ్చిన చిక్కేమిటంటే చిన్నతనంలో ఇది ఏ గోలా చేయదు. పై గదుల్లో ఒత్తిడి తక్కువ కాబట్టి రక్తం నిమ్మళంగా ఎడమ నుంచి కుడికి జారిపోతూ ఉంటుంది, ఊపిరితిత్తులకి రోజూ వెళ్లాల్సిన దానికన్నా ఎక్కువ రక్తం వెళ్తుంది, కుడివైపు గుండె ఆ బరువు మోసి మోసి సాగుతుంది. పిల్ల ఆడుతుంది, చదువుతుంది, మీరు రాసిందంతా నిజమే. ఇలా ఇరవై ముప్పై ఏళ్లు గడిచాక గుండె లయ తప్పడం, ఆయాసం, కొందరిలో ఊపిరితిత్తుల రక్తనాళాల్లో ఒత్తిడి పెరిగిపోవడం మొదలవుతాయి. ఆ ఒత్తిడి బాగా ముదిరితే ఇక రంధ్రం మూయడానికి కూడా వీల్లేని పరిస్థితి వస్తుంది. 16 మిల్లీమీటర్లంటే ఈ వయసుకి అది దానంతట అది పూడే సైజు కాదు.

మూయడం ఎలాగంటే, మీరు అనుకుంటున్నట్టు ఛాతీ కోయరు. తొడ మొదట్లో ఉన్న రక్తనాళంలోంచి సన్నటి గొట్టం గుండెదాకా పంపి, అందులోంచి సన్నటి లోహపు తీగతో అల్లిన రెండు బిళ్లల్లాంటి పరికరాన్ని వదులుతారు. ఒక బిళ్ల గోడకి అటు, ఒకటి ఇటు. చొక్కా గుండీలా బిగుస్తుంది కాబట్టే మనవాళ్లు బటన్ అంటారు, పేరు బాగానే కుదిరింది. మామూలుగా రెండు మూడు రోజుల్లో ఇంటికొచ్చేస్తారు. ఆరు నెలల్లో దానిమీద గుండె పొర కమ్మేస్తుంది, అప్పటిదాకా చిన్న మోతాదు ఆస్పిరిన్ ఇస్తారు, మొదట్లో కొన్నాళ్లు తొక్కుడుబిళ్ల లాంటి గెంతులాటలు వద్దంటారు. మచ్చ వెతికినా కనపడదు. అయితే ఒక మాట, బటన్ కూర్చోవాలంటే రంధ్రం చుట్టూ గోడ అంచు సరిపడా ఉండాలి, అది లేదని తేలితే ఆపరేషనే చెయ్యాలి, అదీ బాగా అలవాటైన ఆపరేషనే.

సంబంధాల మాటకొస్తే, రంధ్రం మూసేసిన అమ్మాయి పెళ్లి చేసుకుని పిల్లల్ని కనడానికి సాధారణంగా ఏ అడ్డూ ఉండదు. చిన్నప్పుడు చిన్న రంధ్రం ఉండేది, మూయించాం, ఇదిగో రిపోర్టు అని చెప్పడం ఒక ఎత్తు. మూయించకుండా దాచి, కడుపుతో ఉన్న పిల్లని ఆయాసంతో ఆసుపత్రికి పట్టుకెళ్లడం ఇంకో ఎత్తు. అప్పుడు వియ్యాలవారికి మీరేం చెప్తారు?

డబ్బు సంగతి మీరు అడగలేదు కానీ చెప్తాను. మీ స్కూలుకి వచ్చింది రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం బృందం అయి ఉంటుంది. 2013లో మొదలైంది, పుట్టినప్పటి నుంచి పద్దెనిమిదేళ్లదాకా పిల్లల్ని చూసి పెద్దాసుపత్రికి పంపడం దాని పని. వాళ్లిచ్చిన చీటీ పారేయకండి. 2007లో ఆరోగ్యశ్రీ పేరుతో మొదలై మన రాష్ట్రంలో ఇప్పుడు ఎన్టీఆర్ వైద్య సేవ అంటున్న పథకంలో పిల్లల గుండె చికిత్సలు ఉన్నాయి, ఏ ఆసుపత్రికి వెళ్లినా ముందు ఆ కౌంటరు దగ్గర కార్డు చూపించి అడగండి. తిరుపతిలో టీటీడీ వాళ్ల పద్మావతి చిన్నపిల్లల హృదయాలయం 2021 నుంచి నడుస్తోంది, మనవైపు నుంచీ పిల్లలు వెళ్లి చేయించుకుని వస్తున్నారు. ఈ వేసవి సెలవుల్లోనే పెట్టుకోండి, స్కూలు కూడా పోదు.

ప్రశ్న: నా మనవడికి తొమ్మిదేళ్లు బాబూ. వాళ్లమ్మ కువైట్‌లో ఉంది, నేనే పెంచుతున్నాను. మొన్న మోకాలు వాచింది, అది తగ్గగానే చీలమండ వాచింది, జ్వరం కూడా. గుండె వాల్వుకి కాస్త తగిలిందని చెప్పి మూడు వారాలకొకసారి ఇంజెక్షన్ అన్నారు. వాడు ఆ సూది చూసి ఇల్లంతా పరిగెడుతున్నాడు. ఎన్నాళ్లు పొడిపించాలి? బిళ్లలు లేవా?
ఒక అమ్మమ్మ, సఖినేటిపల్లి వైపు లంక

జవాబు: అమ్మమ్మగారూ, ఈ సూది మాత్రం మానిపించకండి. వాడికి వచ్చింది రుమాటిక్ జ్వరం. గొంతు నొప్పితో మొదలవుతుంది. ఒక రకం సూక్ష్మజీవి గొంతులో చేరుతుంది, రెండు మూడు వారాలయ్యాక, గొంతునొప్పి అందరూ మర్చిపోయాక, ఆ జీవి మీద కొట్లాటకి దిగిన ఒంట్లోని రక్షణ దళం పొరపాటున సొంత కీళ్ల మీదా గుండె కవాటాల మీదా పడుతుంది. కీళ్లవాపు ఒకచోట తగ్గి ఇంకోచోట లేస్తుంది, చివరికి మచ్చ లేకుండా పోతుంది. గుండె కవాటానికి తగిలింది మాత్రం అలా పోకపోవచ్చు. ఇంకోసారి గొంతు నొప్పి, ఇంకోసారి జ్వరం, ప్రతిసారీ ఆ కవాటం ఇంకాస్త పాడవుతుంది, పాతికేళ్లకే వాల్వు మార్చాల్సి వస్తుంది. ఆ ఇంకోసారి రాకుండా ఆపేదే ఈ పెనిసిలిన్ సూది. మందు కండలోంచి మెల్లగా దిగుతూ సుమారు మూడు వారాలు కాపాడుతుంది, అందుకే 21 రోజుల లెక్క. నెలకోసారి చాల్లే అని జరపకండి.

ఎన్నాళ్లంటే, గుండెకి తగలనివాళ్లకే కనీసం అయిదేళ్లు, లేదా యుక్తవయసు దాటేదాకా, ఏది ఎక్కువైతే అది. మీవాడికి కవాటానికి తగిలింది కాబట్టి ఇంకా ఎక్కువే, పదేళ్లు దాటొచ్చు, ఎకో చూస్తూ డాక్టరు చెప్తారు. బిళ్లలు ఉన్నాయి, రోజూ రెండుపూటలా ఒక్కపూట తప్పకుండా వెయ్యాలి, అన్నేళ్లు ఏ ఇంట్లోనూ అది జరగదని నా అనుభవం. నొప్పికి చిట్కాలు రాసుకోండి. ఖాళీ కడుపుతో తీసుకెళ్లొద్దు, ఏదైనా తినిపించి నీళ్లు తాగించి తీసుకెళ్లండి. ఫ్రిజ్‌లోంచి తీసిన మందైతే కాసేపు బయట ఉంచమనండి. పడుకోబెట్టి మెల్లగా ఎక్కించమనండి. ఎక్కించాక అరగంట అక్కడే కూర్చోండి. రియాక్షన్ భయంతో కొన్నిచోట్ల ఈ సూది వెయ్యం పొమ్మంటారు, అలా అంటే ప్రభుత్వాసుపత్రికి వెళ్లండి. నిజమైన రియాక్షన్ చాలా అరుదు.

మీది లంక కాబట్టి ఇంకో మాట. ఆగస్టులో వరదొచ్చి పడవ నడవకపోతే సూది తేదీ దాటిపోతుంది. ధవళేశ్వరం దగ్గర 11.75 అడుగులకి మొదటి హెచ్చరిక వేస్తారు కదా, టీవీలో ఆ మాట వినగానే, తేదీకి నాలుగు రోజులున్నా సరే, వెళ్లి వేయించేసుకోండి. ముందు వేయించుకుంటే నష్టం లేదు. వాళ్లమ్మకి ఫోన్లో తేదీలు పెట్టుకోమని చెప్పండి, కువైట్ నుంచి ఆవిడే గుర్తుచేస్తుంది. వాల్వు దెబ్బతిన్నవాడు కాబట్టి పళ్లు పుచ్చకుండా చూడాలి, పుచ్చుపన్నులోంచి రక్తంలోకి వెళ్లిన సూక్ష్మజీవులు ఆ కవాటం మీద గూడు కడతాయి.

రాత్రిపూట పిక్కలు పీకుతున్నాయని ఏడ్చే పిల్లలందరికీ ఇది కాదండోయ్. వాపు లేకుండా, పొద్దున్నే లేచి మామూలుగా గెంతే పిల్లలకి అది వట్టి కాళ్లనొప్పే.

ప్రశ్న: మా పాపకి పద్నాలుగు నెలలు. చేతిలోది లాక్కుంటే చాలు, గుక్కపట్టి ఏడ్చి, పెదాలు నల్లబడి, ఒక్కసారిగా వాలిపోతుంది. అర నిమిషంలో మళ్లీ మామూలే. గుండె జబ్బేనని పక్కింటివాళ్లు అంటున్నారు.
ఒక తల్లి, తణుకు

జవాబు: కోపం, ఏడుపు, గుక్క, ఆ తర్వాత నల్లబడటం, ఈ వరసలోనే ప్రతిసారీ జరుగుతుంటే గుండె జబ్బు కాకపోవడానికే ఎక్కువ అవకాశం. ఆరు నెలల నుంచి అయిదారేళ్లలోపు పిల్లల్లో ఇది మామూలు. ఒకసారి డాక్టరుకి చూపించి, ఈసీజీ తీయించి, రక్తం పరీక్ష చేయించండి. ఐరన్ తక్కువున్న పిల్లల్లో ఇది ఎక్కువ, ఐరన్ చుక్కలతోనే చాలామందికి తగ్గిపోతుంది. పడిపోయినప్పుడు పక్కకి తిప్పి పడుకోబెట్టండి, ఊపడం, నోట్లో నీళ్లు పోయడం, చేతిలో తాళాలు పెట్టడం వద్దు. గుక్కపడుతుందేమోనని అడిగిందల్లా ఇచ్చేయడమూ వద్దు, అది పాపకి రెండు రోజుల్లో తెలిసిపోతుంది.

గుండె వల్ల నల్లబడే పిల్లల సంగతి వేరు. ఫాలోట్స్ టెట్రాలజీ అనే లోపంలో, ఏ కోపమూ లేకుండానే, పొద్దున్న లేచినప్పుడో పాలు తాగాకో దొడ్డికి వెళ్లాకో, ఊపిరి వేగంగా లోతుగా తీస్తూ నీలంగా మారిపోతారు. కాస్త పెద్ద పిల్లలైతే నాలుగడుగులు నడిచి గొంతుక్కూర్చుంటారు. అలా నల్లబడితే మోకాళ్లు ఛాతీకి ఆనేలా మడిచి పట్టుకుని వెంటనే ఆసుపత్రికి బయల్దేరాలి.

ప్రశ్న: మా మేనమామ గుండెపోటుతో పోయాక పన్నెండేళ్ల మా తమ్ముడు రోజూ ఎడమవైపు నొప్పి అంటున్నాడు. స్కానింగ్ తీయించమంటారా?
డిగ్రీ విద్యార్థిని, పాలకొల్లు

జవాబు: పిల్లల్లో ఛాతీ నొప్పికి గుండె కారణమవడం బాగా అరుదమ్మా. పక్కటెముకల కీళ్లు, బరువు సంచి, గ్యాసు, లేదా మీ ఇంట్లోలా భయం. వేలు పెట్టి ఇక్కడే అని చూపిస్తే, నొక్కితే నొప్పెక్కువైతే, అది గుండె కాదనే అనుకోవచ్చు. కానీ పరిగెడుతుండగా నొప్పి రావడం, ఆటలో కళ్లు తిరిగి పడిపోవడం, గుండె లెక్కపెట్టలేనంత వేగంగా కొట్టుకోవడం, ఇంట్లో ఎవరైనా నలభైలోపు హఠాత్తుగా పోయి ఉండటం, వీటిలో ఒక్కటున్నా ఆలస్యం చెయ్యకుండా చూపించాలి. మీ మేనమామ గారి వయసు రాయలేదు మీరు, అది ముఖ్యం.

ప్రశ్న: మాది మేనరికం. మొదటి బాబుకి గుండె ఆపరేషన్ అయింది, ఇప్పుడు బాగున్నాడు. నాకు మళ్లీ నాలుగో నెల. ఈ బిడ్డకీ వస్తుందా?
ఒక తల్లి, కొత్తపేట

జవాబు: రావాలని లేదు. ఒక బిడ్డకి ఉంటే రెండో బిడ్డకి వచ్చే అవకాశం సుమారు నూటికి రెండు మూడు, మేనరికం కాబట్టి కాస్త ఎక్కువనుకోండి, అయినా నూటికి తొంభై మందికి పైగా బాగానే పుడతారు. బిడ్డ అవయవాలన్నీ చూసే టిఫా స్కాన్ సరిపోతుందని ఊరుకోకుండా, 18 నుంచి 22 వారాల మధ్య ఫీటల్ ఎకో అని విడిగా తీయించండి. బిడ్డ గుండెనే చూసే స్కాన్ అది. ఏదైనా పెద్ద లోపం కనపడితే కాన్పు ఎక్కడో ముందే నిర్ణయించుకోవచ్చు, ఎందుకంటే కొందరు పిల్లలకి పుట్టిన గంటల్లోనే ఒక మందు డ్రిప్‌లో పెట్టాలి, దారిలో అంబులెన్సులో వెతికితే దొరికేది కాదు. షుగరు పరీక్ష మానొద్దు. బిడ్డ పుట్టి 24 గంటలయ్యాక కుడిచేతికీ ఒక కాలికీ ఆక్సీమీటరు పెట్టి చూడమని మీరే అడగండి, రెండు నిమిషాల పని, 95 కన్నా తక్కువుంటే ఎకో తియ్యాలి.

ప్రశ్న: మా అబ్బాయికి ఏడాది వయసులో టెట్రాలజీ ఆపరేషన్ చేయించాం. ఇప్పుడు పదమూడు. నాలుగేళ్లుగా చెకప్‌కి వెళ్లలేదు, బాగానే ఉన్నాడు కదా అని. కనుమకి జగ్గన్నతోట తీర్థంలో ప్రభ మోస్తానని పట్టుపడుతున్నాడు. మోయొచ్చా?
ఒక తండ్రి, గంగలకుర్రు వైపు

జవాబు: నాలుగేళ్లు వెళ్లకపోవడమే నాకు నచ్చలేదండీ. టెట్రాలజీ ఆపరేషన్‌లో రంధ్రం మూసి, ఊపిరితిత్తులకి వెళ్లే దారి వెడల్పు చేస్తారు. ఆ దారి వెడల్పు చేసేటప్పుడు అక్కడి కవాటం చాలామందిలో కారుతుంది. ఏళ్ల తరబడి కారితే కుడి గది సాగుతుంది, గుండె లయ తప్పొచ్చు, కొందరికి కుర్రవయసులో కొత్త కవాటం పెట్టాల్సి వస్తుంది. ఇదంతా జరుగుతున్నా కుర్రాడు "బాగానే" ఉంటాడు. అందుకే ఏడాదికోసారి రమ్మనేది.

ఆటలు మాన్పించమని చెప్పను, ఎకో బాగుంటే ఈ పిల్లలు సైకిలూ తొక్కొచ్చు, క్రికెట్టూ ఆడొచ్చు. కానీ ప్రభ మోయడం వేరు. ఊపిరి బిగబట్టి భుజాన అంత బరువు ఎత్తాలి, వెనకనుంచి జనం తోపులాట, పైగా మీ ప్రభలు కౌశిక కాలవలోంచి దాటాలి, మధ్యలో కళ్లు తిరిగితే దించడానికి ఉండదు. ఈసీజీ, ఎకో, 24 గంటలు గుండె లయ రాసే హోల్టరు, ట్రెడ్‌మిల్ టెస్టు చేయించండి, అవసరమనుకుంటే గుండె ఎంఆర్ఐ కూడా రాస్తారు. పాత ఆపరేషన్ కాగితాలు ఎక్కడున్నా వెతికి పట్టుకెళ్లండి. ఈ కనుమకి మాత్రం తాడు పట్టుకునో వీరణం వాద్యం వెనకాలో ప్రభతో పాటు నడవమనండి. రిపోర్టులొచ్చాక మళ్లీ రాయండి, మోసే సంగతి అప్పుడు చూద్దాం.